ఇరవై ఒక్క తడులు

టెస్టింగ్ మిషన్ కింద పెట్టిన బూడిద ఇటుక పటుక్కున రెండు చెక్కలైంది. లోపలి నుంచి మనిషి కళ్లజోడు కాడ ఒకటి బయటికి పొడుచుకొచ్చింది.

ల్యాబ్ ఆవిడ చెయ్యి మిషన్ పిడి మీదే ఉండిపోయింది. డయల్ మీద ముల్లు సున్నాకి తిరిగొచ్చి ఆగింది. గోడ గడియారంలో టైము పదీ ఇరవై.

"దాన్ని ముట్టుకోకండి," అన్నాడు డిటెక్టివ్, కుర్చీలోంచి లేస్తూ.

తొమ్మిదిన్నర నుంచీ అతను ఆ గదిలోనే ఉన్నాడు. అడిగిన ప్రశ్నే మూడోసారి అడుగుతున్నాడు. అతని పద్ధతే అంత. మొదటిసారి ఎవరైనా సిద్ధం చేసుకున్న జవాబు చెప్తారు, రెండోసారి దానికి మెరుగు పెడతారు, మూడోసారి విసుగులో నిజం ముక్క ఒకటి జారవిడుస్తారని అతని నమ్మకం. అందుకే పోలీసులు అతనికి 'నస' అని పేరు పెట్టారు. అతనికి ఆ సంగతి తెలుసు. పెద్దగా అభ్యంతరం లేదు.

కాడ నల్ల ప్లాస్టిక్కుది. మిక్సర్ రోలర్ల కింద నలిగి వంకర తిరిగింది. మడత దగ్గర మర ఊడిపోతే ఎవరో ఆకుపచ్చ దారం చుట్టి, ముడి మీద ముడి బిగించారు.

"మా సార్‌ది," అంది ల్యాబ్ ఆవిడ.

ఆ సార్ ఈ ఇటుకల యార్డుకి టెస్టరు. వచ్చిన బూడిద పనికొస్తుందో లేదో, తయారైన ఇటుకకీ పోసిన కాంక్రీటుకీ ఎంత బలముందో తేల్చేవాడు. ఇరవై ఎనిమిది రోజుల క్రితం, ఒక మంగళవారం మధ్యాహ్నం, యార్డులోంచే మాయమయ్యాడు. గేటు దాటినట్టు ఎవరూ చూడలేదు.

"ఈ ఇటుక ఎప్పటిది?"

"ఇరవై ఎనిమిదో రోజు టెస్టు కదండీ ఇది. అంటే... ఆ మంగళవారం నాటిదే." ఆవిడ ఇటుకతో పాటు వచ్చిన రేకు బిళ్లని తిప్పి చూసింది. "పంతొమ్మిదో మిక్సు. భోజనాలయ్యాక మొదటిది. రెండింటికి వేస్తారు."

"దానికి ముందుది?"

"పద్దెనిమిది. పన్నెండున్నరకి అయిపోతుంది. తర్వాత ఒంటిగంట సైరన్ లోపు బూడిద కలిపే ఇనుప పాన్ ఖాళీ చేసి కడిగేస్తారు. కడక్కపోతే గడ్డకట్టి చస్తుంది."

డిటెక్టివ్ చిన్న నోటుబుక్కులో రెండు అంకెలు రాసుకున్నాడు. ఒకటి. రెండు. ఆ గంటలోనే కళ్లజోడు పాన్‌లో పడింది.

"మీరు ఆ రోజు భోజనానికి ఎప్పుడెళ్లారు?"

"నాలుగోసారి అడుగుతున్నారు. పన్నెండూ నలభైకి. అప్పుడు సార్ ఈ కుర్చీలోనే ఉన్నారు."

"ఇప్పుడా కుర్చీ మీది."

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఆయన పోతే నాకొచ్చింది కుర్చీ కాదండీ. ఇద్దరి చాకిరీ. కావాలంటే మీరు కూచోండి, రేపట్నుంచి ఇటుకలు మీరే పగలగొట్టండి."

డిటెక్టివ్ నవ్వలేదు. ఆవిడ పేరుని కొట్టెయ్యనూ లేదు.

* * *

టెస్టరు భార్య వచ్చి బల్ల ముందు నిలబడింది. ఇల్లు యార్డు వెనక వరసలోనే. డిటెక్టివ్‌ని పెట్టుకున్నది ఆవిడే. కాడని చూసింది, దారం చూసింది.

"ఈ ముడి నాది," అంది నెమ్మదిగా. "మర వేయించుకోండి అంటే రేపు రేపు అనేవారు. చివరికి నేనే కట్టాను."

ఏడవలేదు. ఏడుపుకి టైము లేనట్టు వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు, నడుము మీద రెండు చేతులూ పెట్టుకుని.

"అయితే హత్యే," అన్నాడు ఇన్‌స్పెక్టర్, దాదాపు సంతోషంగా. "ఇన్నాళ్లూ శవం లేదు, రుజువు లేదు అని లాయరు సాగదీశాడు. ఇక చెల్లదు. నాలుగింటికి కోర్టు. బావతో గొడవపడి, తన ట్యాంకర్‌లోనే శవాన్ని దాటించాడు మీ అన్నయ్య. హత్య కేసులో పెడుతున్నానమ్మా. ఇటు నుంచి అటే తీసుకెళ్తా. జీపులోనే ఉన్నాడు."

"మా ఆయన్ని వెతికిపెట్టమని మీ స్టేషన్‌కి వచ్చాను సార్," అందావిడ. "ఉన్న అన్నయ్యని కూడా పట్టుకుపొమ్మని రాలేదు."

"చుట్టరికం చూసి చట్టం నడవదమ్మా."

ఆవిడ డిటెక్టివ్ వైపు చూసింది. ఆ చూపులో ప్రశ్న లేదు. గడువే ఉంది. మొగుడు పోయాడని ఇప్పుడే తేలింది. సాయంత్రం నాలుగింటికి తోడబుట్టినవాడు కూడా పోతాడు.

"డ్రైవర్‌తో పది నిమిషాలు మాట్లాడొచ్చా?" అన్నాడు డిటెక్టివ్.

"మాట్లాడండి నసగారూ. మీరు మూడుసార్లు అడిగేసరికి వాడే విసిగి ఒప్పుకుంటాడేమో, నా పని తగ్గుతుంది."

జీపు వెనక సీట్లో ట్యాంకర్ డ్రైవర్ మోకాళ్ల మధ్య తలపెట్టుకుని కూచున్నాడు. ఆ మంగళవారం కరెంటు ప్లాంటు నుంచి బూడిద తెచ్చింది అతనే. గేటు పుస్తకంలో లోపలికి వచ్చింది పన్నెండూ పది, బయటికి వెళ్లింది ఒంటిగంటా ఐదు.

"బావతో గొడవెందుకయింది?"

"లోడు వెనక్కి పొమ్మన్నాడు. సీసాలో నీళ్లు పోసి, చిటికెడు బూడిద వేసి ఊపాడు. పైన నల్లగా తెట్టు కట్టింది. కాలని బొగ్గుంది, వద్దు అన్నాడు. సొంత బావవి, ఒక్క లోడు దింపుకోలేవా అన్నాను."

"తర్వాత?"

"తర్వాతేముంది, వెళ్లిపోయాను."

"తర్వాత?"

డ్రైవర్ తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చెంప మీద ఒకటి వేశాను. ఈ సంగతి పోలీసులతో చెప్పలేదు. చెప్తే నన్నే పట్టుకుంటారని. చెప్పకపోయినా పట్టుకున్నారు. కళ్లజోడు ఎగిరి పడింది. నేనే తీసి, తుడిచి చేతికిచ్చాను. పెట్టుకున్నాడు. 'పో బావా, ఇంటికి పోయాక అక్కడ కొట్టుకుందాం' అన్నాడు. నవ్వాడు కూడా."

"లోడు దింపలేదు. నిండు ట్యాంకర్‌తోనే వెనక్కి వెళ్లావు?"

"మరి! పై మూత సీలు కూడా తియ్యలేదు. శాంపిల్ కింది వాల్వు నుంచే తీస్తాడు బావ."

డిటెక్టివ్ జేబులోంచి రెండు చీటీలు తీశాడు. నిన్ననే కరెంటు ప్లాంటు కాటా గదిలో గంట సేపు నస పెట్టి సంపాదించినవి. వాటిని ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు.

"ప్లాంటు నుంచి బయల్దేరినప్పుడు ముప్ఫై టన్నుల నాలుగొందల ఎనభై కిలోలు. వెనక్కొచ్చినప్పుడు ముప్ఫై టన్నుల నాలుగొందల యాభై. ముప్ఫై కిలోలు డీజిల్ ఖర్చు. సీలు పగల్లేదని కాటావాడే రాశాడు. టెస్టరు బరువు అరవై ఎనిమిది కిలోలు. ట్యాంకర్‌లో ఆయన ఎక్కడ కూచున్నాడో మీరే చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ చీటీలని ఎండకి పెట్టి చూశాడు. "తీసుకెళ్లకపోతే ఇక్కడే పారేశాడు. చంపడానికి ఐదు నిమిషాలు చాలు."

"చంపడానికి చాలు. దాచడానికి చాలదు. సైరన్ ఒంటిగంటకి, ఇతను గేటు దాటింది ఒంటిగంటా ఐదుకి. మీ మనుషులు బూడిద నిలవుంచే సైలోలు ఖాళీ చేశారు, నీళ్లతొట్లు తోడారు, ఇరవై లక్షల ఇటుకల దొంతరలు కదిపారు. దొరకలేదు. ఐదు నిమిషాల్లో ఇంత బాగా దాచేవాడు ట్యాంకర్ ఎందుకు తోలతాడండీ?"

"మీకేం, కబుర్లు చెప్తారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నాలుగింటికి జడ్జిగారి ముందు నిలబడేది నేను. శవం చూపించండి, వాణ్ణి దింపేస్తా. లేదా పక్కకి తప్పుకోండి."

టైము పదకొండూ యాభై.

* * *

మిక్సర్ షెడ్డు రేకులది. లోపల నిప్పుల కుంపటిలా ఉంది. పోలీసులు రావడంతో పని ఆపేశారు. మధ్యలో పెద్ద ఇనుప పాన్, దాని అంచు నడుమెత్తు. పక్కనే రెండు కాంక్రీటు దిమ్మలు. పెద్దది కొత్త ప్రెస్సు మిషన్ కోసం పోసిన బెడ్డు. దానికి బారెడు దూరంలో చిన్నది, మోటారు కోసం. మిషన్లు ఇంకా రాలేదు.

చిన్న దిమ్మ పక్కన ముక్కాలిపీట మీద పెద్దమేస్త్రి కూచుని తాపీకి అంటిన సిమెంటు గీకుతున్నాడు. అరవై అయిదేళ్లుంటాయి. యార్డులోని షెడ్లన్నీ, పక్క వీధిలో లేస్తున్న కొత్త బడీ ఆయన చేతి పనే. టెస్టరు మాయమైన దగ్గర్నుంచి ప్రతి సాయంత్రం ఆ ఇంటి గుమ్మం దాకా వచ్చి "ఏమైనా తెలిసిందా అమ్మా" అని అడిగి వెళ్తున్నది ఆయనొక్కడే.

"కళ్లజోడు దొరికిందటగా," అన్నాడు తలెత్తకుండా. "పాపం పిల్ల."

"ఆ రోజు భోజనాల టైములో మీరెక్కడున్నారు?"

"ఇంటికెళ్లాను బాబూ. రోజూ అంతే."

డిటెక్టివ్ మూలనున్న కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచాడు. రెండు గుక్కలు తాగాడు. మిగిలినవి పాన్ అంచు మీదుగా లోపలికి ఒలకబోసి గడియారం చూసుకున్నాడు. పన్నెండూ ఐదు.

"భోజనాల టైములో ఎక్కడున్నారు?"

"చెప్పాను కదయ్యా. ఒంటిగంట సైరన్ కొట్టగానే వెళ్లాను, రెండింటికి వచ్చాను. ఇల్లు దూరం కూడాను."

"దారిలో ఎవరైనా కనిపించారా?"

"ఆ ఎండలో ఎవరుంటారు?"

డిటెక్టివ్ దిమ్మల చుట్టూ తిరిగాడు. రెండిటికీ మధ్య షెడ్డు ఇనుప స్తంభం ఉంది. స్తంభానికి పెద్ద బెడ్డు వైపు ఏడు బొగ్గుగీతలు. చిన్న దిమ్మ వైపు ఇంకొన్ని. ఒక్కొక్కటీ వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి.

"ఈ గీతలు?"

"నావే. కాంక్రీటు పోశాక రోజూ తడపాలి. తడిపిన రోజుకో గీత. మా గురువు పెట్టిన అలవాటు. ఇప్పటి కుర్రాళ్లకి ఫోన్లో రాసుకోవడమే తెలుసు, తడపడం తెలీదు."

"రెండూ ఒకే రోజు పోసినవేగా?"

"సోమవారం. సార్ సంతకం కూడా ఉంది చీటీ మీద. ఇన్‌స్పెక్టరు గారికి చూపించాను."

"పెద్దదానికి ఏడు తడులు. చిన్నదానికి ఇరవై ఒకటి."

తాపీ మీద గీకుడు ఒక్క క్షణం ఆగింది. "మోటారు అదురుతుంది బాబూ. బలం ఎక్కువ కావాలి."

"అవును, అదురుతుంది," అని ఒప్పుకున్నాడు డిటెక్టివ్. "భోజనాల టైములో ఎక్కడున్నానన్నారు?"

పెద్దమేస్త్రి తాపీ కింద పెట్టాడు. చెవుల దాకా చిరాకు పాకింది.

"ఎన్నిసార్లయ్యా! ఇంటికెళ్లాను, తిన్నాను, వచ్చాను. నేనొచ్చేసరికి షెడ్డులో నరమానవుడు లేడు. కడిగిన పాన్ తడి కూడా ఆరలేదు. చాలా?"

"చాలు," అన్నాడు డిటెక్టివ్.

పాన్ దగ్గరికి వెళ్లి లోపలికి చెయ్యి పెట్టాడు. ఇనుము వేడిగా, పొడిగా ఉంది. టైము పన్నెండూ పదమూడు. ఒంటిగంట లోపు కడిగిన పాన్ ఒంటిగంటా పది కల్లా ఆరిపోతుంది. రెండింటికి వచ్చినవాడు దాని తడి చూసే వీల్లేదు.

ఈ మాట అతను పైకి అనలేదు. ఇంకో చెంబు నీళ్లు ముంచుకుని దిమ్మల దగ్గరికి వచ్చాడు. సగం పెద్ద బెడ్డు మీద పోశాడు. కాంక్రీటు ఆ నీళ్లని చూస్తుండగానే పీల్చేసుకుంది. మిగతా సగం చిన్న దిమ్మ మీద పోశాడు. నీళ్లు ముత్యాల్లా నిలబడి, నెమ్మదిగా అంచు వైపు జారాయి.

పెద్దమేస్త్రి ఆ నీళ్లనే చూస్తున్నాడు. ఆయన చూపులో భయం లేదు. తన పని బాగా కుదిరినప్పుడు పనివాడు చూసే చూపది.

* * *

ల్యాబ్ గది తలుపు వేసి డిటెక్టివ్ గొంతు తగ్గించాడు.

"ఉత్త సిమెంటు కాంక్రీటుని ఎన్నాళ్లు తడుపుతారు ఇక్కడ?"

"ఏడు రోజులు," అంది ల్యాబ్ ఆవిడ. "ఇంజనీరు గారి కాగితంలో అంతే ఉంటుంది."

"బూడిద కలిస్తే?"

"ఎక్కువ కావాలండీ. బూడిద ఆలస్యంగా పట్టుకుంటుంది. నమూనాగా పోసిన క్యూబు ఏడో రోజు పగలగొడితే బలం తక్కువ చూపిస్తుంది. తడుపుతూ పోతే ఇరవై ఎనిమిదో రోజుకి అందుకుంటుంది, ఆ తర్వాత మామూలు సిమెంటుని కూడా దాటిపోతుంది. పెద్దమేస్త్రిగారైతే మూడు వారాలు తడపందే ఊరుకోరు. నీళ్లు దూరవు అందులోంచి."

"మిషన్ బెడ్లకి బూడిద కలపమన్నారా?"

"అస్సలు లేదు. ఇటుకల్లోనే. కాంక్రీటులో ఒక్క చిటికెడు కూడా కలపొద్దని ఇంజనీరు గారు మరీ మరీ చెప్పారు. ఆయనకి బూడిదంటే నమ్మకం లేదు."

"బయట చిన్న దిమ్మ మీద నీళ్లు పోశాను. దూరలేదు."

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత బీరువా తెరిచి ఒక ఫైలు తీసింది.

"నాకొక అనుమానం ఉందండీ. చెప్తే పెద్దాయన మీద చాడీ చెప్పినట్టవుతుందని ఊరుకున్నాను. బడి స్తంభాలు తొమ్మిది. సార్ మాయమవడానికి సరిగ్గా వారం ముందు పోశారు. పోసింది పెద్దమేస్త్రిగారు. ఏడో రోజు క్యూబులు ఆ మంగళవారం పొద్దున సార్ ఒక్కరే పగలగొట్టారు. దాని కాగితం ఫైల్లో లేదు. చెత్తబుట్టలో ముక్కలు చూశాను. రంగు మామూలు సిమెంటు కాదు. ముదురు బూడిద రంగు."

"ఇరవై ఎనిమిదో రోజు?"

"పోయిన మంగళవారం నేనే పగలగొట్టాను. బ్రహ్మాండంగా పాసయ్యాయి. ఇంజనీరు గారు అడిగినదానికన్నా ఎక్కువే చూపించాయి. ఆ మాట పెద్దమేస్త్రిగారికి చెప్తే..." ఆవిడ ఆగింది. "గోడకి చేరబడి కూచుండిపోయారు. సంతోషమేమో అనుకున్నాను."

డిటెక్టివ్ నోటుబుక్కులో లెక్క వేశాడు. టెస్టరు మాయమైంది మంగళవారం. మర్నాటి నుంచి పోయిన మంగళవారం దాకా ఇరవై ఒక్క రోజులు. షెడ్డు స్తంభం మీద గీతలు ఇరవై ఒకటి.

అతను తలుపు తీశాడు. ఇన్‌స్పెక్టర్ తలుపుకి చెవి ఆనించి ఉన్నాడు. గబుక్కున నిటారుగా నిలబడ్డాడు.

"మొత్తం విన్నారా, మళ్లీ చెప్పాలా?"

"విన్నంత వరకూ నచ్చలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నాలుగు బొగ్గుగీతలు చూసి, చెంబెడు నీళ్లు పోసి, ముసలాయన్ని హంతకుడంటారా? చీటీ మీద సోమవారం అని ఉంది. సంతకం చచ్చినవాడిది. సోమవారం పోసిన దిమ్మ కింద మంగళవారం చచ్చినవాడు ఎలా ఉంటాడు?"

"చీటీలో రెండు దిమ్మలు పోస్తామని రాసి సంతకం పెట్టించుకున్నారు. పోసింది ఒకటే. చిన్న గుంత ఖాళీగా మిగిలింది. మీరు చీటీ చూశారు. గీతలు చూడలేదు. ఒకే రోజు, ఒకే సిమెంటుతో పోసినవైతే తడులు ఒకటే ఉండాలి. నీళ్లు ఒకేలా పీల్చాలి. రెండోదాంట్లో బూడిద ఉందని కలిపినవాడికి తప్ప ఎవరికీ తెలీదు. అది తెలిసినవాడే మూడు వారాలు తడుపుతాడు."

"కింద ఏమీ లేకపోతే?"

"నా బోర్డు పీకేసి మీ స్టేషన్ ముందు టీ కొట్టు పెట్టుకుంటాను."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూశాడు. పన్నెండూ నలభై. డ్రైవర్‌ని చూశాడు. జీపు పక్కనే నేల మీద కూచున్న చెల్లెలిని చూశాడు. పళ్లు పటపట కొరికాడు.

"బ్రేకర్ మిషన్ తెప్పించండిరా," అని అరిచాడు. "టీ మాత్రం బాగుండాలి నసగారూ."

* * *

మూడింటికి పదిహేను నిమిషాలుండగా బ్రేకర్ వచ్చింది. మిషన్ పట్టుకున్న కూలి దాని మొనని చిన్న దిమ్మ నడిబొడ్డున ఆనించి బటన్ మీద వేలు పెట్టాడు.

"ఆగండి!"

పెద్దమేస్త్రి ముక్కాలిపీట తన్నుకుంటూ లేచాడు. పరుగెత్తుకొచ్చి మొనని రెండు చేతులతో పక్కకి నెట్టాడు.

"నడిమధ్యన పెడతావా? ఆ దెబ్బకి పక్క బెడ్డు కూడా చీలి ఊరుకుంటుంది. అంచు నుంచి రావాలి. ఇక్కడ, జానెడు లోపలికి. పైన తొమ్మిదంగుళాలే కాంక్రీటు. కిందంతా..."

ఆగిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ చేతులు నడుము మీద నుంచి కిందికి జారాయి.

"తొమ్మిదంగుళాలే అని మీకెలా తెలుసు?" అన్నాడు డిటెక్టివ్ మెల్లగా. "చీటీలో నాలుగడుగుల గుంత నిండా అని రాసి ఉంది."

టెస్టరు భార్య మనుషుల్ని తోసుకుంటూ ముందుకి వచ్చింది. దిమ్మని చూసింది. దాని మీద ఆరని తడి మరకని చూసింది. ఆయన చేతుల్ని చూసింది.

"బాబాయ్," అంది. "ఆయన ఇక్కడున్నారా?"

ఆయన దిమ్మ అంచునే కూచున్నాడు, కూచున్నాక ఎక్కడ కూచున్నాడో తెలిసినట్టు చప్పున కింద నేల మీదికి జరిగాడు. ఇన్‌స్పెక్టర్ ముందుకి రాబోతే డిటెక్టివ్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఈసారి ఇన్‌స్పెక్టర్ ఆగాడు.

"ఉన్నాడమ్మా," అన్నాడు పెద్దమేస్త్రి. "మీ అన్నకేం తెలీదు. వాణ్ణి వదిలెయ్యమను. నేనే.

"బడి కట్టే చోట నేలంతా చెమ్మమ్మా. ఉత్త సిమెంటు పోస్తే చెమ్మ పీల్చి పదేళ్లకి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. ఆ ఇంజనీరుకి చెప్తే నవ్వాడు. అందుకని ఎవరికీ చెప్పకుండా మూడోవంతు బూడిద కలిపాను. తగ్గించిన సిమెంటు బస్తాలు స్టోర్లోనే ఉన్నాయి, ఒక్కటి బయటికి పోలేదు. నలభై ఏళ్లలో నా చేతి గోడ ఒక్కటి బీట పడలేదు. బూడిద సంగతి నాకు తెలుసు. అది నెమ్మది. ఏడో రోజు నిలదీస్తే పలకదు. ఆగితే పలుకుతుంది.

"ఆ రోజు సైరన్ కొట్టాక మీ ఆయన కాగితం పట్టుకుని ఇక్కడికే వచ్చాడు. క్యూబులు పోయాయి, తొమ్మిది స్తంభాలూ కొట్టెయ్యాలి, సాయంత్రం రాసి పంపిస్తున్నా అన్నాడు. ఇరవై ఎనిమిదో రోజు దాకా ఆగరా అన్నాను. ఇంకో ఇరవై ఒక్క రోజులు, అంతే కదా అన్నాను. కాళ్లు పట్టుకున్నాను. వాడి తప్పు లేదమ్మా. ఏడో రోజు కాగితం ఏం చెప్తే అది రాయడమే వాడి పని. 'రూలు రూలే మేస్త్రీ' అన్నాడు. పుట్టినప్పట్నుంచీ బాబాయ్ అని పిలిచినవాడు నన్ను మేస్త్రీ అన్నాడు. కాగితం లాక్కోబోయాను. పెనుగులాడాం. తోశాను. పాన్ అంచుకి తల కొట్టుకుంది. నీళ్లు చల్లాను, పిలిచాను. లేవలేదు. కళ్లజోడు ఎటు పోయిందో కూడా చూడలేదు.

"గుంత తవ్వే ఉంది. పడుకోబెట్టాను. పొడి బూడిద కప్పాను. పైన పొయ్యడానికి ఈ షెడ్డులో సిమెంటు బస్తాన్నరే ఉంది, చాల్లేదు. చెయ్యి అలవాటున రెండు డబ్బాల సిమెంటుకి ఒక డబ్బా బూడిద కలిపింది. తడి గోనెపట్టాలు కప్పేసరికి రెండవుతోంది.

"మర్నాడు తడపకుండా వదిలేద్దామనుకున్నాను. ఎండకి పగుళ్లు తీస్తే తీసింది, ఎవడు చూస్తాడులే అనుకున్నాను. చేతులు ఊరుకోలేదమ్మా. పైపు పట్టుకున్నాను. గీత కూడా గీశాను. ప్రతి గీతకీ అనుకునేవాణ్ణి, ఇంకొన్నాళ్లు, క్యూబులు పాసవుతాయి, అప్పుడు వాడికి చూపిస్తాను అని. ఎవరికి చూపిస్తాను? పోయిన మంగళవారం ఈ అమ్మాయి వచ్చి పాసయ్యాయంది. ఆ రోజు చివరి గీత గీసి పైపు పక్కన పడేశాను.

"ఆగమన్న మాట వాడు వినలేదు. ఆ ఇరవై ఒక్క రోజులూ, వాడి మీద నీళ్లు పోస్తూ, నేనే ఆగానమ్మా."